కీబోర్డుతో నేరుగా మాట్లాడనక్కర లేదు



ఎవరినీ నొప్పించాలని ఈ టపా రాయడం లేదు గాని, నొప్పించకుండా చెప్పే విద్య నాకు పట్టుబడలేదు. "తెలుగు రాసే సాఫ్టువేరు కీబోర్డుతో నేరుగా మాట్లాడాలి, నడుమ ఇంకెవరూ ఉండరాదు" అనే వాదాన్ని మన సాంకేతిక మిత్రుల నోట పదేపదే వింటున్నాను. కొంతకాలం క్రితం వరకు నేనూ ఆ పక్షమే. అటువంటి ప్రోగ్రాము ఒకటి స్వయంగా రాసి, నంద్యాలలో ఒక దుకాణంలో పెట్టి, పదకొండు రోజులు నడిపించాను కూడా. ఆ వాదం పొరపాటని, పొరపాటు మాత్రమే కాక పరులకు అపకారమని ఇప్పుడు అంటున్నాను. పక్షం మార్చినవాడి మాట కాస్త ఘాటుగానే ఉంటుంది, సహించండి.

సంగతి 2023 వేసవిలో జరిగింది. నంద్యాల జిల్లా కేంద్రమై అప్పటికి ఏడాది దాటింది. పరీక్షల దరఖాస్తులు, ధ్రువపత్రాలు, ప్రవేశాలంటూ జనం ఆన్‌లైను దుకాణాల ముందు వరుసలు కట్టే రోజులు. మా ఊరు ఆళ్ళగడ్డ. పని నిమిత్తం వారానికి అయిదు రోజులు నంద్యాలలో ఉంటాను. నా మిత్రుని తమ్ముడు అక్కడ జెరాక్సు, ఆన్‌లైను దరఖాస్తుల దుకాణం నడుపుతున్నాడు. అంతకు మునుపు చాలా ఏళ్ళు డీటీపీ పని చేసినవాడు కావడంతో అతని వేళ్ళకు "ఆపిల్" అమరిక తప్ప మరొకటి తెలియదు. దుకాణంలోని పాత కంప్యూటరులో విండోసు చచ్చిపోతే నేను లినక్సు ఎక్కించి ఇచ్చాను. రెండో రోజే ఫోను.

"అన్నా, అంతా బాగుంది గానీ తెలుగు కొట్టాలంటే సావొస్తాంది. ఈ వయసులో వేళ్ళు మార్చుకోమంటే ఎట్లన్నా? నువ్వే ఒకటి రాయి. నేరుగా కీబోర్డునే పట్టుకుంటే పోలా?"

నాకు గర్వం కలిగింది. నేరుగా పట్టుకోవడమన్న మాటలోనే ఒక మగటిమి ఉంది కదా. రాస్తానన్నాను.

లోపల జరిగే పని తెలియని మిత్రుల కోసం కొంత వివరిస్తాను. తెలిసినవారు ఈ రెండు పేరాలూ దాటి వెళ్ళవచ్చు. మీట మీద అచ్చువేసిన అక్షరం కేవలం రంగు. కీబోర్డుకు ఆంగ్లమూ రాదు, తెలుగూ రాదు. యూఎస్‌బీ కీబోర్డు తన అతి సరళమైన పద్ధతిలో పంపేది ఎనిమిది బైట్లు: మొదటిదానిలో షిఫ్టు, కంట్రోలు వంటివాటి స్థితి, రెండవది ఖాళీ, తక్కిన ఆరింటిలో ఆ క్షణాన నొక్కి ఉన్న మీటల స్థానసంఖ్యలు. లినక్సు కెర్నెలు వాటిని తన సంఖ్యలలోకి మార్చి, ఈవ్‌డెవ్ అనే మార్గం గుండా, పరికరానికొక ఫైలు చొప్పున బయట పెడుతుంది. ఆంగ్ల కీబోర్డు మీద "కె" అని రాసి ఉన్న మీట అక్కడ 37. నొక్కితే 37, 1 అని వస్తుంది. వదిలితే 37, 0. అదిమి పట్టుకుంటే 37, 2 అని వస్తూనే ఉంటుంది. ఆ 37ను ఆంగ్ల అమరిక "కె" అంటుంది, ఇన్‌స్క్రిప్టు అమరిక "క" అంటుంది. అక్షరం పుట్టేది పై అంతస్తులో. "మన తెలుగుకు కీబోర్డు లేదు" అని వగచే పెద్దలకు ఇక్కడే మనవి: ఏ భాషకూ కీబోర్డు లేదు. ఉన్నవి మీటల స్థానాలు, వాటిని అక్షరాలుగా చదివే పట్టికలు. ఇన్‌స్క్రిప్టు 1986 నుంచి ఉంది. విండోసు ఎక్స్‌పీలో 2001లోనే గౌతమి ఖతితో పాటు తెలుగు అమరిక వచ్చింది. మనం వాడకపోవడం వేరే సంగతి.

ఈవ్‌డెవ్ ఫైలును మామూలు వాడుకరి చదవలేడు. యంత్రానికి అధిపతి అయిన రూట్ చదవగలడు, లేదా "ఇన్‌పుట్" అనే గుంపులో పేరున్నవాడు చదవగలడు. ప్రతిసారీ అధిపతి సంకేతపదం అడగడం దుకాణంలో కుదరదు కనుక, తమ్ముని వాడుకరి పేరును ఆ గుంపులో చేర్చాను. ఒక్క ఆదేశం, ఒక్క పంక్తి. ఆ తరువాత నా ప్రోగ్రాము కీబోర్డు ఫైలును తెరిచి, ఇక ఇతరులెవరికీ ఆ మీటలు అందకుండా పట్టు బిగించి, వచ్చిన సంఖ్యలను తెలుగుగా మార్చడం మొదలుపెట్టింది.

మార్చిన తెలుగును తిరిగి లోపలికి పంపేది ఎలా? ఇక్కడ నా గర్వానికి మొదటి దెబ్బ తగిలింది. లినక్సులో కృత్రిమ కీబోర్డును సృష్టించే యూఇన్‌పుట్ అనే ద్వారం ఉంది. కాని ఆ ద్వారం కూడా మీటల సంఖ్యలనే పుచ్చుకుంటుంది, అక్షరాలను కాదు. యూనికోడులో "క" సంఖ్య 3093. ఆ 3093ను పంపే దారి ఆ అంతస్తులో లేనే లేదు. అందుచేత దొడ్డిదారి పట్టాను: కంట్రోలు, షిఫ్టు, యు కలిపి నొక్కినట్టు నటించి, పదహారాంశ పద్ధతిలో ఆ సంఖ్యను నాలుగు మీటలుగా కొట్టి, చివర స్పేసు. ఒక్క "క" రాయడానికి ఇంత నాటకం. కొన్ని గవాక్షాలలో ఇది ఫలించింది. మరికొన్నింటిలో పేరుండవలసిన చోట అంకెల వరుస పడింది. అదీ కాక, "కా" రాయాలంటే అంతకు ముందు ఏముందో తెలియాలి. పొల్లును చెరపాలి, గుణింతాన్ని చేర్చాలి. పరికరం దగ్గర కూచున్నవాడికి పైన కర్సరు ఎక్కడుందో, వాడుకరి మౌసుతో వేరే చోటికి వెళ్ళాడో తెలియదు. గుడ్డిగా బ్యాక్‌స్పేసులు పంపాను. పక్క పెట్టెలో ఎవరి తండ్రి పేరులోనో చివరి అక్షరం ఎగిరిపోయేది. ఒకరోజు ప్రోగ్రాము బిగుసుకుపోయి, పట్టు మాత్రం వదలక, కీబోర్డు మూగపోయింది. తీగ పీకి మళ్ళీ పెడితే గాని నోరు రాలేదు.

ఇవన్నీ సరిదిద్దుకోదగిన దోషాలే అని మీరనవచ్చు. అసలు దోషం వేరు.

ఈ తప్పులను పట్టుకోవడానికి ప్రోగ్రాములో ఒక చిట్టా పెట్టాను. వచ్చిన ప్రతి సంఖ్యా, దాని సమయంతో సహా, ఒక ఫైలులో పడేది. ప్రోగ్రాములు రాసే ప్రతివాడూ చేసే పనే. శనివారం సాయంత్రం ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసుకుని బస్సెక్కాను. ఆదివారం ఉదయం ఆళ్ళగడ్డలో మా మేడ మీద కూచుని తెరిచాను. మా ఊరి సంగతి తెలిసినవారికి తెలుసు, అక్కడ ఉదయమంటే శిల్పుల షెడ్లలో ఉలి చప్పుడు. దానికి తోడుగా నేను అంకెలు చదువుతున్నాను. "కా" ఎక్కడ తప్పిందో వెదుకుతూ కిందికి జరుపుతున్న నా కంటికి ఒకచోట వరుసగా 2కు, 11కు నడుమ సంఖ్యలే కనిపించాయి. లినక్సు లెక్కలో 2 అంటే ఒకటి అంకె మీట, 11 అంటే సున్న మీట. మొత్తం పన్నెండు. ఆ తరువాత 15, అంటే ట్యాబు. పన్నెండు అంకెలు వరుసగా వస్తే అవేమిటో మన దేశంలో చెప్పనక్కర లేదు. మరికొంత కిందికి వెళితే ఒక 42, అంటే షిఫ్టు, ఆపైన కొన్ని అక్షరాలు, నాలుగు అంకెలు, చివర 28, అంటే ఎంటరు. పట్టిక నాకు కంఠస్థం. చదవకూడదని అనుకునేలోపే చదివేశాను. ఎవరిదో కూతురి పేరు, పుట్టిన సంవత్సరం. సంకేతపదం.

అటువంటివి ఆ ఫైలులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. పదకొండు రోజుల చిట్టా. నంద్యాల చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి, చదువు రాక, దుకాణదారుని నమ్మి తమ సంఖ్యలన్నీ చెప్పి కొట్టించుకున్న మనుషులు. వాళ్ళు నన్ను చూడలేదు. నేనున్నానని వాళ్ళకు తెలియదు. నేను దొంగను కాను, నా ప్రోగ్రాము మూలం ఎవరైనా చదువుకోవచ్చు, నా ఉద్దేశం "కా" దిద్దడమే. అయినా వాళ్ళ సొత్తు నా పెన్‌డ్రైవులో ఉంది.

ఇప్పుడు వాదానికి వస్తాను.

నేరుగా మాట్లాడాలనే మిత్రులు మొదట చెప్పేది స్వేచ్ఛ గురించి: "నా కీబోర్డు నాది, నా ప్రోగ్రాము నాది, నడుమ కెర్నెలు అనుమతి ఎందుకు?" ఒక మిత్రుడు మా ఊరి మీద గౌరవంతో ఉలి ఉపమానం కూడా తెచ్చాడు, ఉలి నేరుగా రాతిని తాకకపోతే శిల్పం రాదని. అయ్యా, ఉలి తాకేది శిల్పి తన ముందు పెట్టుకున్న రాతిని మాత్రమే. పక్క షెడ్డులోని రాతిని కాదు. ఈవ్‌డెవ్ ఫైలు తెరిచిన ప్రోగ్రాము తన గవాక్షంలో కొట్టినవే కాదు, యంత్రం మీద ఎక్కడ ఏది కొట్టినా వింటుంది. దాన్ని ఉలితో పోల్చడం తగదు. అది గోడకు ఆనించిన చెవి.

అంతకన్న ఘోరం ఆ "ఇన్‌పుట్" గుంపు. నేను అనుమతి ఇచ్చింది నా ప్రోగ్రాముకని అనుకున్నాను. కాదు, వాడుకరికి ఇచ్చాను. ఆ వాడుకరి పేరు మీద నడిచే ప్రతి ప్రోగ్రాముకూ అదే హక్కు సంక్రమిస్తుంది. దుకాణంలో పిల్లవాడు ఎక్కడి నుంచో దించుకున్న ఆట కూడా ఇక కీబోర్డును వినవచ్చు. తెలుగు అమరిక పేరిట నేను ఇంటి తలుపు తీసి ఉంచాను. తెలుగు రాయడానికి ఏవో ఉపకరణాలు పంచుతూ "మొదట మీ పేరును ఇన్‌పుట్ గుంపులో చేర్చుకోండి" అని సూచనల్లో రాసే మిత్రులు దయచేసి ఆ పంక్తి వద్ద ఒకసారి ఆగాలి.

రెండవ వాదం చరిత్ర గురించి: "డాసు కాలంలో అందరూ అలాగే చేశారు కదా?" చేశారు. అప్పుడు 96వ సంఖ్య ద్వారం నుంచి ఏ ప్రోగ్రామైనా మీట సంకేతాన్ని చదువుకునేది. కీబోర్డు అంతరాయాన్ని తనవైపు తిప్పుకునేది. కాని అప్పుడు యంత్రం మీద సాధారణంగా నడిచేది ఒక్క ప్రోగ్రామే, వినడానికి పక్కింటివాడు లేడు, ఆ యంత్రానికి అంతర్జాలమూ లేదు. నేడు అదే గవాక్షాల వరుసలో బ్యాంకు ఉంది, ఆసుపత్రి చీటీ ఉంది, ఉత్తరాలున్నాయి. ఎక్స్ విండో వ్యవస్థలో ఈనాటికీ ఏ ప్రోగ్రామైనా తక్కినవాటి మీటలను వినవచ్చు, విండోసులో కీబోర్డు హుక్కు వేయడానికి ప్రత్యేకానుమతి అక్కర లేదు, నిజమే. 1987 నాటి ఎక్స్ పదకొండవ రూపంలో అది లోటుగా తోచలేదు. 2008లో మొదలైన వేలాండ్ ఆ తలుపు మూసింది, ఎదుట ఉన్న గవాక్షానికే మీటలు అందుతాయి. మ్యాకులో 2019 నుంచి అట్టి ప్రోగ్రాము వాడుకరిని అడిగి అనుమతి పొందాలి. లోకమంతా మూస్తున్న తలుపును మనం తెలుగు పేరు చెప్పి తెరవడం ఏమి భాషాసేవ?

వేలిముద్రల సంగతి చూడండి. ఆధార్ వేలిముద్ర పరికరాలకు 2017లో రిజిస్టర్డ్ డివైజు పద్ధతి తెచ్చారు. అడిగిన ప్రోగ్రాముకు వేలిముద్ర పచ్చిగా దక్కదు, సంకేతించి, సంతకం చేసిన పొట్లంగా మాత్రమే అందుతుంది. వేలిముద్రకు ఆ మర్యాద దక్కింది. అదే బల్ల మీదున్న కీబోర్డుకు ఎవరూ ఇవ్వలేదు. కనీసం మనమైనా ఇవ్వాలి కదా.

మూడవ వాదం కొంచెం బలమైనది, దాన్ని దాటవేయను. "ఐబస్ వంటి ఇన్‌పుట్ మెథడు కూడా అన్ని మీటలనూ వింటుంది, తేడా ఏమిటి?" వింటుంది. కాని వాడుకరి ఎంచుకున్న అమరికగా వింటుంది, గంట పక్కన గుర్తు కనబడుతూ ఉంటుంది, ఒక మీటతో ఆపవచ్చు. ఎదుటి పెట్టె సంకేతపదానిదైతే ఆ మాట ముందుగా దానికి చెప్పే ఏర్పాటు ఉంది. కర్సరు చుట్టూ ఉన్న పాఠాన్ని అడిగే ఏర్పాటూ ఉంది, నేను గుడ్డిగా పంపిన బ్యాక్‌స్పేసులు దానికి అవసరం లేదు. ఐఫోనులో 2014లో బయటివారి కీబోర్డులకు చోటిచ్చినప్పుడే సంకేతపదం పెట్టె దగ్గర వాటిని పక్కకు తప్పించారు. పరికరం దగ్గర కూచున్నవాడికి ఈ వివేచన సాధ్యమే కాదు. 37 వచ్చింది. అది "కవిత"లో కకారమా, సంకేతపదంలో భాగమా? ఆ అంతస్తులో జవాబు లేదు.

మన లేఖిని గుర్తుకొస్తోంది. 2006లో వీవెన్ గారు దాన్ని మనకందించినప్పుడు మనలో ఎందరం విసుక్కున్నాం! "ఒక పెట్టెలో రాయాలి, మరో పెట్టెలో చూడాలి, నకలు తీసి అతికించాలి, ఇదేం గోల" అని నేనే ఒకచోట వ్యాఖ్య రాసినట్టు జ్ఞాపకం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ గోలలోనే మర్యాద ఉంది. లేఖిని మన ఇంట్లోకి రాలేదు, తన అరుగు మీద తాను కూచుంది. మనం అరుగు దగ్గరికి వెళ్ళి చెప్పింది మాత్రమే విన్నది. ఆర్టీఎస్ రాసుకుని, పొల్లులు పెట్టుకుని, ఒకరి టపా కింద ఒకరం వ్యాఖ్యలు పెట్టుకున్న ఆ తరమంతా ఎవరి పరికరాన్నీ ఆక్రమించకుండానే తెలుగును జాలంలోకి తెచ్చింది. వెన్న నాగార్జున గారి పద్మ కూడా అంతే. పత్రికల సొంత ఖతుల పాఠాన్ని విహరిణిలోనే యూనికోడుగా మార్చింది గాని యంత్రం జోలికి పోలేదు.

నేరుగా మాట్లాడవలసిన పరికరాలు లేవని నేననను. ఆటల మీటలు, చిత్రకారుల పలకలు, ఉపన్యాసాలు విని రాసేవారి కాలి మీటలు, వీటికి అక్షరంతో పని లేదు కనుక ప్రోగ్రాము నేరుగా చదివితేనే బాగు. బార్‌కోడు స్కానరు ఇంకా మంచి ఉదాహరణ. చాలా స్కానర్లు యంత్రానికి తమను కీబోర్డుగా పరిచయం చేసుకుంటాయి. నంద్యాలలో ఒక మందుల దుకాణంలో చూశాను, బిల్లు రాస్తున్నవాడు తెలుగు అమరిక మార్చడం మరిచి స్కానరు నొక్కితే మందు సంఖ్యలోని ఆంగ్లాక్షరాలు తెలుగు అక్షరాలై పడ్డాయి. పాపం, స్కానరు తప్పేమీ లేదు. అది 37 అంది, పైవాడు "క" అన్నాడు. అక్కడ ఆ ఒక్క పరికరాన్ని దాని తయారీ సంఖ్యతో గుర్తించి, ఆ ఒక్క ఫైలుకే, ఆ ఒక్క ప్రోగ్రాముకే అనుమతి ఇచ్చి పట్టుకోవడం సబబు. మనిషి చేతి కింది కీబోర్డు వేరు.

చూపులేనివారి సంగతి ఎత్తి నన్ను కట్టడి చేయబోయిన మిత్రునికి కూడా జవాబుంది. బ్రెయిలు పద్ధతిలో ఆరు మీటలు ఒకేసారి నొక్కి అక్షరం చేస్తారు. నొక్కడమే కాక వదలడం కూడా తెలియాలి. దీనికి పరికరమే దిక్కని అతని వాదన. కాని ఐబస్‌కు వదిలిన సంకేతాలూ అందుతాయి. ఆ పునాది మీదనే ఐబస్‌లో బ్రెయిలు రాత ఉపకరణం వచ్చింది, భారతీయ భాషలకు పనిచేస్తోంది. చవక కీబోర్డులు ఆరు మీటలనూ ఒకేసారి చెప్పలేకపోవడం మాత్రం వాటి లోపలి తీగల అల్లిక లోపం. నేరుగా చదివినా అది మారదు.

ఇక దుకాణం సంగతి. సోమవారం ఉదయం బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్ళాను. చిట్టా చెరిపాను, పెన్‌డ్రైవు చెరిపాను, ప్రోగ్రాము తీసేశాను, గుంపులోంచి పేరు తొలగించాను. ఐబస్, దానికి తోడుగా ఎం17ఎన్ ఎక్కించాను. చూస్తే అందులో తెలుగుకు ఇన్‌స్క్రిప్టు, ఆర్టీఎస్, పోతన మాత్రమే కాదు, ఆపిల్ అమరిక కూడా సిద్ధంగా ఉంది! ఎవరో ఏనాడో రాసి పెట్టారు. అది మామూలు పాఠపు ఫైలు. తమ్మునికి అలవాటైన చోట్లకు ఒకటి రెండు మీటలు సర్దడానికి అందులో కొన్ని పంక్తులు మార్చితే చాలింది. అంతా కలిపి అరగంట. నేను రాత్రులు మేలుకొని రాసిన నాలుగు వందల పంక్తుల పనిని ఆ అరగంట మింగేసింది. ముందు వెదికి ఉంటే ఈ టపాయే ఉండేది కాదు.

జరిగినదంతా అతనికి చెప్పాను. చెప్పకుండా ఉండవచ్చునని ఒక క్షణం అనిపించిన మాట నిజం. అతను కాసేపు తెర వైపు చూశాడు.

"నాది గూడా ఉండెనా అన్నా అందులో?"

ఉండే ఉంటుందన్నాను. ఆ మధ్యాహ్నం దుకాణం మూసి తన సంకేతపదాలు మార్చుకున్నాడు. వచ్చిపోయినవారిలో గుర్తున్న వాళ్ళకు ఫోన్లు చేశాడు. గుర్తు లేనివాళ్ళకు ఎలా చెప్పాలో మా ఇద్దరికీ తోచలేదు.

లినక్సు వాడే మిత్రులు టెర్మినలు తెరిచి "గ్రూప్స్" అనే ఆదేశం ఇస్తే మీరు ఏయే గుంపుల్లో ఉన్నారో కనిపిస్తుంది. ఆ జాబితాలో "ఇన్‌పుట్" ఉంటే, ఎవరు ఎందుకు చేర్చారో కనుక్కోండి. తెలుగు కోసమే అయితే తీసేయండి. ఆపిల్ అమరిక ఫైలులో సర్దుబాట్లు కావలసినవారు వ్యాఖ్య పెట్టండి, నా దగ్గరున్నది పంపిస్తాను.